హుద్‌హుద్ బరకం

నిరుడు వేసవిలో మా అమ్మాయి మాంచెస్టర్ నుంచి ఫోన్ చేసి, "నాన్నా, జులైలో రండి. లేక్ డిస్ట్రిక్ట్‌లో మూడు రోజులు క్యాంపింగ్‌కి వెళ్దాం" అంది. క్యాంపింగ్ అంటే పచ్చికలో టెంటు వేసుకుని పడుకోవడమట. నెలనెలా ఇంటి లోను కడుతూ, మళ్లీ డబ్బులిచ్చి మరీ నేల మీద పడుకోవడం ఎందుకో మా ఆవిడకి అర్థం కాలేదు. నాకూ కాలేదు గానీ, వెనక నుంచి మనవడు "ప్లీజ్ తాతయ్యా" అన్నాడు. ఇంకేం మాట్లాడతాం?

"అక్కడ వేసవి అన్నమాటే గానీ ఎప్పుడు వాన పడుతుందో చెప్పలేం నాన్నా" అని అమ్మాయి జాగ్రత్తలు చెబుతుంటే నవ్వొచ్చింది. ఎవరికి చెబుతోంది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నెత్తిన దిగినప్పుడు వైజాగ్ ఎంవీపీ కాలనీలో తలుపుకి వీపు ఆనించి కూర్చున్నవాణ్ణి. తుఫాను కన్ను వచ్చి గాలి ఆగితే, అయిపోయిందనుకుని వీధిలోకి వెళ్లి, రెండో వైపు నుంచి మళ్లీ కొట్టగానే లోపలికి పరిగెత్తినవాణ్ణి. మా వాటర్ ట్యాంకు మూత ఎక్కడికి పోయిందో నేటికీ తెలీదు. ఆ వారంలోనే పూర్ణా మార్కెట్‌లో, బేరమాడే ధైర్యం లేక, చెప్పిన ధరకి ఓ పెద్ద నీలం బరకం, అదే టార్పాలిన్, కొన్నాను. పదేళ్లుగా డాబా మీద మూలన పడుంది. దాన్ని దులిపి సూట్‌కేసులో పెట్టాను.

పెట్టె 23 కిలోలు దాటకూడదు. బరకమే నాలుగు కిలోలు తినేసింది. దాంతో రెండు కిలోల ఆవకాయ, రెండు కిలోల మాడుగుల హల్వా ఇంటి దగ్గరే ఆగిపోయాయి. ఆ అన్యాయాన్ని మా ఆవిడ పైకేమీ అనకుండా మనసులో రాసిపెట్టుకుంది.

లేక్ డిస్ట్రిక్ట్‌లో బారోడేల్ అనే లోయకి వెళ్తుండగా అల్లుడు కారు నడుపుతూ చెప్పాడు. "ఇక్కడే సీత్‌వెయిట్ అనే చిన్న ఊరుంది మామయ్యగారూ. ఇంగ్లండులో మనుషులుండే ఊళ్లలో అన్నిటికన్నా ఎక్కువ వాన పడేది దీనికే. ఏడాదికి సుమారు 3,500 మిల్లీమీటర్లు."

మన వైజాగ్‌కి వచ్చేది 1,000 చిల్లర. అట్లాంటిక్ మీంచి వచ్చే తడిగాలి ఈ కొండలకి తగిలి, పైకెక్కి, చల్లబడి, ఆ బరువంతా ఇక్కడే దించేసుకుంటుందట.

"సీతమ్మ పేరు పెట్టుకున్న ఊరికి కన్నీళ్లు తప్పుతాయా" అంది మా ఆవిడ.

"మరి ఏరికోరి ఇక్కడికే ఎందుకు బాబూ?"

"వ్యూ బాగుంటుంది మామయ్యగారూ."

వ్యూ మబ్బులో ఉంది.

మన తుఫానుకో పద్ధతి ఉంది. ఎక్కడో అండమాన్ దిక్కున పుడుతుంది. పేరు పెడతారు. నాలుగు రోజులు టీవీలో గిర్రున తిప్పి చూపిస్తారు. పోర్టులో ఒకటో నంబరు, మూడో నంబరు అంటూ ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. పాల ప్యాకెట్లూ కొవ్వొత్తులూ కొనుక్కునే టైమిస్తుంది. (నష్టం సంగతి వేరు, నేను చెప్పేది కబురు పంపే మర్యాద గురించి.) అక్కడి వానకి పేరూ లేదు, నంబరూ లేదు. పది నిమిషాలు ఎండ, అయిదు నిమిషాలు తుంపర. గొడుగు తెరిస్తే ఆగుతుంది, మూస్తే మొదలవుతుంది. అల్లుడి ఫోన్‌లో మూడు వాతావరణ యాప్‌లున్నాయి, మూడూ మూడు రకాలుగా చెబుతాయి. ఒకటి 40 శాతం వాన అంది. గొడుగు అంతవరకే తెరవాలేమో.

టెంటు వేసే ముందు నేను బరకం పరిచాను. అల్లుడు కాస్త నసిగాడు. "కింద వేసేది టెంటు కన్నా పెద్దదిగా ఉండకూడదంటారు మామయ్యగారూ..." పాపం, పిల్లాడు హుద్‌హుద్ చూడలేదు. అప్పుడు బెంగళూరులో ఉన్నాడు. నేను వినలేదు. టెంటు చుట్టూ రెండేసి అడుగుల నీలం అంచు పెళ్లి పందిట్లో తివాచీలా మెరిసింది. చెప్పులు విడవడానికి కూడా బాగుందని నన్ను నేనే మెచ్చుకున్నాను.

రాత్రి పదింటికీ చీకటి పడలేదు. ఎప్పుడు నిద్రపట్టిందో, ఎప్పుడు వాన పట్టిందో తెలీదు గానీ, మనవడు లేపాడు.

"తాతయ్యా, బెడ్ కదులుతోంది!"

వాడి గాలి పరుపు నిజంగానే కదులుతోంది. టార్చి వేసి చూస్తే సంగతి తెలిసింది. టెంటు మీంచి జారిన నీళ్లన్నీ బరకం అంచుల మీద పడ్డాయి. నేలలోకి ఇంకే దారి లేక, వరసగా టెంటు కిందికి చేరాయి. అక్కణ్ణుంచి కుట్లలోంచి పైకొచ్చాయి. పూర్ణా మార్కెట్ వాడు మోసం చేయలేదు. పదేళ్లయినా ఆ బరకం ఒక్క చుక్కనీ కిందికి దిగనివ్వలేదు.

మా ఆవిడ మంకీ క్యాపు, రెండు స్వెట్టర్లు, శాలువాతో లేచి కూర్చుని, తడిసిన దుప్పటి పిండుతూ అంది. "ఏటండీ ఇది! హుద్‌హుద్‌కి కూడా నా పక్క తడవలేదు."

మిగతా రాత్రి అయిదుగురం కారులో కూర్చున్నాం. అద్దాలు తీస్తే వాన, మూస్తే ఆవిరి.

పొద్దున్నే పక్క టెంటు పెద్దాయన రెండు కప్పుల టీ పట్టుకొచ్చి, "బాతులకి మంచి వాతావరణం" అన్నాడు. నేను మర్యాదగా చుట్టూ బాతుల కోసం వెతికాను. వాన పడితే వాళ్లు అలా అనుకుంటారని అమ్మాయి తర్వాత చెప్పింది. ఆయన వంగి, బరకం అంచుల్ని టెంటు కిందికి మడిచి దోపాడు. అరనిమిషం పని. అల్లుడు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. పెంపకం మంచిది, ఏమీ అనలేదు.

మూడో రోజు తడి టెంటు కారులో కుక్కి బయల్దేరగానే ఫెళ్లున ఎండ కాసింది.

వచ్చేటప్పుడు బరకం అక్కడే వదిలేద్దామనుకున్నాను. "అయ్యో, మీరే తీసుకెళ్లండి మామయ్యగారూ" అని అల్లుడు నాకంటే ముందే పెట్టెలో సర్దేశాడు.

అక్టోబరులో టీవీలో అల్పపీడనం అన్నారు. మెట్ల గది మీద కప్పుదామని బరకం తీసి డాబా ఎక్కుతుంటే, కింద నుంచి మా ఆవిడ కేకేసింది.

"కింద పరిచేరు! అది పైన వేసేదండీ!"