రూలు ఎవరి చేతులు కడుతోంది?

టెక్నాలజీ కంపెనీల మీద ఏదో ఒక చట్టం వస్తోందంటే చాలు, టీవీ చర్చల్లో ఒకటే పాట, ఇలా రూల్స్ పెట్టుకుంటూ పోతే ఇన్నోవేషన్ చచ్చిపోతాది, స్టార్టప్‌లు సింగపూర్ వెళ్ళిపోతాయి, పిల్లలకి ఉద్యోగాలుండవు అని. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో కూర్చుని వింటే నిజమేననిపిస్తాదేమో. ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ లాంటి ఊళ్ళలో ఉండి ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడుకునే మాకు మాత్రం లెక్క వేరేగా ఉంటాది. ఎందుకంటే మేం ఏ కంపెనీ లెక్కలోకీ రాని కస్టమర్లం. వాళ్ళ కంప్యూటర్లో ఒడిశా అంటే ఒడియా, ఆంధ్రా అంటే తెలుగు, మధ్యలో ఉన్నవాళ్ళకి గడి లేదు. మార్కెట్ దానంతటది మమ్మల్ని పట్టించుకున్న సందర్భాలు తక్కువ, ఎవరో ఒకరు రూలు పెట్టి పట్టించుకోమన్నప్పుడే పట్టించుకుంది.

సెల్‌ఫోన్లో తెలుగు సంగతే చూడండి. చవక ఫోన్ కొంటే తెలుగు మెసేజ్ వచ్చినప్పుడు అక్షరాల బదులు చదరపు డబ్బాలు కనపడే రోజులు మనకి గుర్తే. 2016లో కేంద్రం ఒక ప్రమాణాన్ని తప్పనిసరి చేసింది, దేశంలో అమ్మే ప్రతి ఫోన్లోనూ 22 భారతీయ భాషలూ చదవడానికి వీలుండాలి, టైప్ చెయ్యడానికి ఇంగ్లిషు, హిందీ కాక ఇంకొక భాషైనా ఉండాలి అని. గడువు వాయిదాలు పడింది, అది వేరే సంగతి. పెద్ద స్మార్ట్‌ఫోన్లలో అప్పటికే తెలుగు వస్తోంది, ఆ మాట ఒప్పుకోవాలి, కానీ ముసలాళ్ళ చేతిలో ఉండే చిన్న బటన్ ఫోన్లో తెలుగు పెట్టాలని ఏ కంపెనీకి అంత తొందర ఉంటాది చెప్పండి. ఆ రూలులో నాకు నచ్చిందేటంటే ఏ రాష్ట్రంలో అమ్మినా 22 భాషలూ ఉండాల్సిందే అన్నది, అంటే బరంపురంలో కొన్న ఫోన్‌కీ తెలుగు వస్తాది, విశాఖలో కొన్న ఫోన్‌కీ ఒడియా వస్తాది.

రోమింగ్ బాధ ఇంకో కథ. పర్లాకిమిడికి అవతల పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా సర్కిలు, అంటే ఫోన్ కంపెనీల లెక్కలో వేరే ప్రాంతం. ఇంట్లో కూర్చున్నా సరే ఫోన్ అవతలి టవర్ పట్టుకుందంటే ఇన్‌కమింగ్‌కి కూడా డబ్బులు కట్ అయ్యేవి, బేలన్స్ ఎలా పోయిందో తెలిసేది కాదు. 2015 మే నుంచి ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ ఆ ఇన్‌కమింగ్ గరిష్ఠ రేటుని నిమిషానికి 75 పైసల నుంచి 45కి దింపింది. అదే ఏడాది జూలై 3 నుంచి ఏ సర్కిలుకి మారినా పాత నంబరే ఉంచుకునే వీలొచ్చింది. శ్రీకాకుళం నుంచి ఇటు కోడలిగా వచ్చిన అమ్మాయి పుట్టింటివాళ్ళందరికీ తెలిసిన నంబరుతోనే ఇక్కడ బతకగలగడం చిన్న విషయం కాదు. రోమింగ్ ఛార్జీ పూర్తిగా పోయింది మాత్రం రూలు వల్ల కాదు, 2016 సెప్టెంబరులో జియో వచ్చాక పోటీ వల్ల. అయితే నంబరు పోకుండా కంపెనీ మారే హక్కు లేకపోతే ఆ పోటీ అంత తొందరగా ఊళ్ళలోకి వచ్చేదా అన్నది ఆలోచించాలి, నంబరు పోతాదన్న భయంతో జనం పాత కంపెనీనే పట్టుకుని వేలాడేవాళ్ళు. యూపీఐ కూడా అంతే, ఏ బ్యాంకు ఖాతా అయినా ఏ యాప్‌లో అయినా పని చెయ్యాలని ముందే కట్టడి పెట్టి, రిజర్వ్ బ్యాంకు అదుపులో నడిపేరు కాబట్టే టీకొట్టు దగ్గర ఒక్క క్యూఆర్ కోడ్ సరిపోతోంది.

ఇక అసలు చెప్పాల్సింది లోన్ యాప్‌ల గురించి. మా వీధిలో మిషన్ కుట్టుకునే ఒకావిడ ఉంది, పిన్నీ అని పిలుస్తాను. పండగ ముందు సరుకు కోసం ఫోన్లో ఏదో యాప్‌లో 5,000 అప్పు పెట్టింది, చేతికొచ్చింది మూడు వేల చిల్లర, మిగతాది ఫీజులని కోసేసుకున్నారు, వారంలో మొత్తం 5,000 కట్టాలి. యాప్ ఇన్‌స్టాల్ అయినప్పుడు ఇంగ్లిషులో నాలుగైదు డబ్బాలు వచ్చేయి, కాంటాక్ట్స్, ఫొటోలు, కాల్ లిస్టు, అన్నిటికీ ఒప్పుకుంటేగానీ ముందుకి పోదు, పిన్ని అన్నీ నొక్కేసింది. ఎనిమిదో రోజు నుంచి మొదలయ్యేయి ఫోన్లు, ఆవిడకి కాదు, టెక్కలిలో ఉన్న వాళ్ళన్నయ్యకి, జాకెట్ గుడ్డలు అరువిచ్చే బరంపురం షావుకారికి, కొడుకు చదివే స్కూలు మేష్టారికి. హిందీలో తిట్లు, ఆవిడ ఫొటో మీద దొంగ అని రాసి వాట్సాప్‌లో పంపడం. "డబ్బుకి కాదు నాయనా, మా అన్నయ్యకి ఫోన్ చేసేరు చూడు, అప్పుడు చచ్చిపోవాలనిపించింది" అంది. 2020 చివర్లో తెలంగాణలో ఇలాంటి వేధింపులకే నిజంగా ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు.

ఆ తరవాతే 2021 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ఒక వర్కింగ్ గ్రూప్ వేసింది, 2022 సెప్టెంబరు 2న రూల్స్ ఇచ్చింది. అప్పు డబ్బు నేరుగా బ్యాంకు లేదా లైసెన్స్ ఉన్న ఫైనాన్స్ కంపెనీ నుంచి తీసుకున్నవాళ్ళ ఖాతాలోకే రావాలి, మధ్యవాడి ఖాతా ఉండకూడదు. కాంటాక్ట్ లిస్టు, కాల్ లాగ్, ఫొటోలు ముట్టుకోకూడదు. వద్దనుకుంటే పెనాల్టీ లేకుండా తిరిగి కట్టేసే గడువు ఇవ్వాలి. దీనివల్ల ఏ ఇన్నోవేషన్ ఆగిపోయిందో నాకైతే కనపడలేదు. ఆ యాప్‌లు కొత్తగా కనిపెట్టింది ఏదైనా ఉందంటే మనిషి పరువుని తాకట్టు పెట్టించుకోవడమే, అది ఆగితే సమాజానికి వచ్చిన నష్టం ఏటి? పద్ధతిగా అప్పులిచ్చే కంపెనీలు ఇప్పటికీ యాప్‌ల్లోనే ఇస్తున్నాయి, వ్యాపారం మూతపడలేదు. లైసెన్స్ లేని దొంగ యాప్‌లు పేరు మార్చుకుని మళ్ళీ వస్తున్నాయన్నది నిజమే, దానికి మందు రూలు తీసేయడం కాదు, ఉన్న రూలుని అమలు చెయ్యడం.

అమలు దగ్గరే మా సరిహద్దు జనం మళ్ళీ జారిపోతున్నారు. రిజర్వ్ బ్యాంకు రూలు ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి అప్పు ఇచ్చే ముందు వడ్డీ, ఫీజు, మొత్తం కట్టాల్సింది అన్నీ ఒక్క కాగితం మీద రాసి ఇవ్వాలి, అదీ అప్పు తీసుకునేవాళ్ళకి అర్థమయ్యే భాషలో రాసి, వివరించి చెప్పి, అర్థమైందని సంతకం తీసుకోవాలి. మంచి రూలు, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. కానీ ఏ భాష అర్థమవుతాదో తేల్చేది ఎవరు? పిన్‌కోడ్ చూసి ఒడియా అనుకుంటే, టెక్కలిలోనో పలాసలోనో పదో తరగతి దాకా తెలుగులో చదువుకుని ఇటు పెళ్ళై వచ్చిన ఆడవాళ్ళు ఒడియా గలగలా మాట్లాడతారు గానీ చదవలేరు, వాళ్ళకి ఆ కాగితం ఉన్నా లేనట్టే. 2023 డేటా రక్షణ చట్టం ఇంకాస్త స్పష్టంగా ఉంది, సమాచారం తీసుకునే ముందు అనుమతి అడిగే నోటీసుని ఇంగ్లిషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలంది. అక్కడ రాష్ట్రం మాటే లేదు, అది అమల్లోకి వస్తే రాయగడలో ఉన్న మనిషికీ తెలుగులో చదివే హక్కుంటాది. అయితే అదే చట్టం కొన్ని స్టార్టప్‌లకి ఆ నోటీసు సెక్షన్ నుంచే మినహాయింపు ఇచ్చే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. ఇది నాకు మింగుడుపడటం లేదు. పిన్నిని ఏడిపించినవాడు కూడా అడిగితే నాది స్టార్టప్పే అంటాడు.

చిన్నవాళ్ళ మీద భారం పడుతుందన్న వాదనని నేను కొట్టిపారెయ్యను. బరంపురంలో బట్టల కొట్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి పెట్టే ఇద్దరు కుర్రాళ్ళని పెద్ద కంపెనీలతో సమానంగా ఆడిట్లు, ఆఫీసర్లు అని వేధిస్తే వాళ్ళు మానేసి హైదరాబాద్ బస్సెక్కుతారు. యూరప్‌లో డిజిటల్ మార్కెట్ల చట్టం దీనికి ఒక దారి చూపించింది, అక్కడ నెలకి 4.5 కోట్ల మంది వాడే స్థాయి కంపెనీలకే ఆ బరువైన రూల్స్. సైజుని బట్టి కాగితాల భారం తగ్గించండి, తప్పులేదు, కానీ మనిషికి ఏం తీసుకుంటున్నారో చెప్పడం అన్నది ఇద్దరు కుర్రాళ్ళకైనా బరువు కాదు, అది సైజుని బట్టి మారకూడదు.

ఇంకో రకం రూల్స్ ఉన్నాయి, వాటి దగ్గర నేను అవతలి పక్కన ఉంటాను. 2025 డిసెంబరులో ఒడిశాలోని మల్కన్‌గిరిలో గొడవలైతే ఇంటర్నెట్ ఆపేశారు. పుకార్లు ఆపడానికే అంటారు, కానీ అదే దెబ్బకి ఫోన్‌పే ఆగిపోతాది, పిల్లల పరీక్ష ఫారాలు ఆగిపోతాయి, పక్క రాష్ట్రంలో ఉన్న కొడుక్కి మేం బాగానే ఉన్నాం అని మెసేజ్ పెట్టడం కుదరదు. ఆపే ఆర్డర్లు బయట పెట్టాలని, అవి సమీక్షకి నిలవాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో కశ్మీర్ కేసులో చెప్పింది. డేటా చట్టంలో కూడా ప్రభుత్వం తాను నోటిఫై చేసిన సంస్థల్ని భద్రత పేరు మీద మొత్తానికి మొత్తం మినహాయించుకోవచ్చు. కంపెనీ మీద పెట్టే రూలూ, పౌరుడి మీద పెట్టే రూలూ రెండూ రెగ్యులేషనే అని ఒకే గాట కట్టెయ్యడం వల్లే మన చర్చ పాడవుతోంది. బలమున్నవాడి చెయ్యి కట్టే రూలు వల్ల బలం లేనివాళ్ళకి ఊపిరి ఆడుతోంది, కొత్త వ్యాపారాలకి చోటు దొరుకుతోంది. బలం లేనివాడి నోరు కట్టేది వేరే జాతి.

ప్రభుత్వం తన టెక్నాలజీకి తాను రూలు పెట్టుకోకపోతే ఏమవుతాదో ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకి పెట్టిన సుభద్ర పథకంలో చూసేం. ఏడాదికి 10,000 వచ్చే మంచి పథకం, కానీ ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనక, రేషన్ కార్డులో ఒడియా ఉచ్చారణలో ఇంకోలా ఉంటే సేవా కేంద్రంలో సిస్టమ్ ఒప్పుకోదు. తెలుగు పేరు అలాగే ఉంటాదమ్మా అని ఆ కుర్రాడికీ తెలుసు, అయినా తన చేతిలో ఏమీ లేదు. మిషన్ కాదంటే మనిషి చూసి అవునని చెప్పే అధికారం బ్లాకు ఆఫీసులో ఒకరికైనా ఉండాలన్న రూలు ముందే ఉండుంటే ఎంతమంది ఆటోఛార్జీలు మిగిలేవో.

డేటా చట్టం ముఖ్యమైన భాగాలు 2027 మే నుంచి అమల్లోకి రావాలి. ఆ లోపు గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు సంఘాలు, ఎమ్మెల్యేలు, ఎంపీలు గట్టిగా అడగాల్సింది ఒకటుంది. ప్రతి బ్యాంకు, ప్రతి యాప్, ప్రతి సర్కారు ఫారంలో రాష్ట్రం అని రాసే గడి పక్కనే, మీరు చదవగలిగే భాష ఏది అని ఇంకో గడి పెట్టించాలి, అందులో ఏది రాస్తే ఆ భాషలోనే కాగితం చేతికి రావాలి.