మహారాజరాజశ్రీ వర్క్ ఫ్రమ్ హోమ్ ఉద్యోగం గారికి

దివ్యసముఖమునకు, తెనాలి నుంచి మీ సపోర్ట్ ఇంజనీరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మర్యాదలు ఇంతటితో చాలు, 2020 లాక్‌డౌన్ నుంచి ఒకే గదిలో ఉంటున్నాం కాబట్టి ఇకపై నువ్వనే అంటాను.

నీ మీద ఫిర్యాదు ఏమీ లేదు, అదే అసలు ఫిర్యాదు. తిట్టే మేనేజర్ ఉంటే ఈపాటికి పేపర్లు పెట్టేసేవాణ్ణి. కనీసం నైట్ షిఫ్టన్నా ఉంటే ఒళ్లు పాడైపోతోందని చెప్పుకునే వీలుండేది. అమెరికా పని చేసే మనవాళ్లు చాలామంది రాత్రంతా జాగారం చేస్తుంటే నాది పగటి డ్యూటీ, ఎందుకంటే నేను చూసే అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీ బ్యాచ్ జాబులు, అంటే లెక్కలన్నీ ఒక్కసారిగా తేల్చే ప్రోగ్రాములు, మొదలయ్యేది వాళ్ల అర్ధరాత్రి, అంటే న్యూయార్క్ టైం లెక్కన ఎండాకాలంలో మనకి పొద్దున తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. పెసరట్టు తిని చెయ్యి కడుక్కుని లాగిన్ అయ్యే యోగం ఎంతమందికి ఉంటుంది చెప్పు.

నా పనేమిటో ఇంట్లో ఇప్పటికీ సరిగ్గా తెలీదు, తెలిస్తే నిన్ను చులకన చేస్తారని నేనే చెప్పలేదు. మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ మీద ఆ జాబులు వరసగా నడుస్తుంటాయి, అందులో ఒకటి ఆగిపోయి ఎర్రబడితే అప్పుడు నేనొకణ్ణి ఉన్నానని లోకానికి గుర్తొస్తుంది. బి37 అనే ఎర్రర్ వస్తే ఫైలుకి చోటు చాల్లేదని, ఏం చెయ్యాలో రాసిపెట్టిన రన్‌బుక్ తెరిచి, స్పేస్ పెంచి, రీస్టార్ట్ కొట్టాలి. ఎస్0సి7 వస్తే అంకెలు ఉండాల్సిన చోట చెత్తేదో చేరిందని, అది నా స్థాయి కాదు, డెవలప్‌మెంట్ టీమ్‌కి టికెట్ (ఫిర్యాదు చీటీ) తోసేసి చేతులు దులుపుకోవాలి. ఆ చెత్త ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దామని మొదట్లో ఉబలాటపడి, కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో ఉన్న ఆ ప్రోగ్రాం తెరిచాను కూడా. మా టీమ్ లీడ్ చాట్‌లో "మనకెందుకు బ్రో, ఎస్ఎల్ఏ దాటకముందే పంపించెయ్" అన్నాడు, ఎస్ఎల్ఏ అంటే క్లయింటుకి మాటిచ్చిన గడువు. ఎంత ఆప్యాయంగా అన్నాడో! 1959లో పుట్టిన కోబాల్ ఇంకా పాలసీలు లెక్క కడుతూనే ఉంది, దాని పక్కన కూర్చున్న నేను మాత్రం అప్పుడే రిటైరయ్యాను.

మిగతా టైమంతా పచ్చ చుక్కకి కాపలా. ఆఫీసు చాట్ యాప్ టీమ్స్‌లో మనం పనిలో ఉన్నామని చూపించే ఆ చుక్క, ఐదు నిమిషాలు కదలిక లేకపోతే పసుపు రంగుకి మారిపోతుంది, వీధి చివరికెళ్లి కొత్తిమీర కట్ట తేవడానికి ఐదు నిమిషాలు చాలవు. అందుకని లాప్‌టాప్ ముందు నాన్నగారిని కూర్చోబెట్టి, "మౌస్ ఊరికే అటూ ఇటూ అంటూ ఉండండి" అని చెప్పి వెళ్తాను. రైస్ మిల్లులో జీవితమంతా గుమాస్తాగా చేసిన మనిషి, డ్యూటీ అంటే డ్యూటీయే, నేను తిరిగొచ్చినా కుర్చీ వదలరు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు 2024లో కీబోర్డు నడుస్తున్నట్టు నటించారని డజనుకి పైగా ఉద్యోగుల్ని పీకేసిందని చదివి తెగ టెన్షన్ పడ్డాను. తర్వాత ఆలోచిస్తే మా ఇంట్లో నటనేమీ లేదు, మౌస్ నిజంగా మనిషే కదుపుతున్నాడు.

పోదామనుకున్నప్పుడల్లా నా చేతిలో ఏదో ఒక తాయిలం పెడతావు. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ అన్నావు. ఏడాదికి పదిహేను రోజుల జీతం, అదీ నెలకి 26 రోజుల లెక్కన, అదీ అప్పటి రూల్లో బేసిక్ మీద. నా బేసిక్ సంగతి నీకు తెలియంది కాదు, అయినా ఆగాను. అది నిండాక అమ్మ మోకాళ్ల ఆపరేషన్‌కి కంపెనీ ఇన్సూరెన్స్ ఉందన్నావు. ఆపరేషనూ అయింది, ఆవిడిప్పుడు నాకంటే జోరుగా నడుస్తోంది. ఇప్పుడేమో తొంభై రోజుల నోటీస్ పీరియడ్ చూపించి బెదిరిస్తున్నావు, బయటేమో అందరికీ ఇమ్మీడియట్ జాయినర్లే కావాలి. అసలు నా దగ్గర తొంభై రోజులపాటు అప్పగించడానికి ఏముంది? రన్‌బుక్ లింకు పంపడానికి అర నిమిషం పడుతుంది.

పసిపిల్లలున్నవాళ్లకి, మంచాన పడ్డ పెద్దవాళ్లని చూసుకునేవాళ్లకి నువ్వు దేవుడివే, వాళ్లని నిన్ను వదలొద్దనే చెబుతాను. హైదరాబాద్‌లో అద్దెకీ ట్రాఫిక్‌కీ సగం ప్రాణం ధారపోస్తున్న నా స్నేహితులైతే నిన్ను తల్చుకుని కుళ్లుకుంటారు. వాళ్ల దగ్గర నేను మూలిగితే కొడతారు.

కానీ ఈమధ్య ఒక ఇంటర్వ్యూలో, మీరు పరిష్కరించిన కష్టమైన సమస్య ఏదైనా చెప్పండి అన్నాడొకాయన. కాసేపు నీళ్లు నమిలి, బి37 గురించి చెప్పాను, స్పేస్ పెంచానని. "ఎందుకు చాల్లేదో చూశారా?" అన్నాడు. చూళ్లేదు. హెచ్ఆర్ వాళ్లు కాల్ చేస్తారని చెప్పి పెట్టేశాడు, మర్యాదస్తుడు. అప్పుడు అర్థమైంది నీ లెక్క. నా టైం నువ్వేమీ తినలేదు, రోజంతా నాకే వదిలేశావు, తిన్నది నా రేటు. జీతం ఒకటో తారీఖున ఠంచనుగా వేస్తూ, బయట నా విలువ మాత్రం ఏడాదికింత కోసుకుంటూ వస్తున్నావు, ఆ కటింగ్ ఏ పేస్లిప్‌లోనూ కనబడదు.

కాబట్టి విషయం ఇదీ. ఇకమీదట ఎస్0సి7 టికెట్లు తోసెయ్యకుండా ముందు నన్నే చూడనివ్వమని లీడ్‌కి నిన్న మెయిల్ పెట్టాను, చాట్ కాదు, మేనేజర్‌ని సీసీలో పెట్టి మెయిలే. సరేనంటే ఉంటాను, జీతం పెంచకపోయినా ఉంటాను. మళ్లీ "మనకెందుకు బ్రో" అని వస్తే దసరా వెళ్లగానే పేపర్లు పెడతాను, ఆ తొంభై రోజులూ నాన్నగారు చూసుకుంటారు.

ఇట్లు,
తమ విధేయుడు (ప్రస్తుతానికి)

తా.క. హైక్ (జీతం పెంపు) లెటర్లు వచ్చే వారం ఇస్తారంటున్నారు. నాది రెండంకెల్లో ఉంటే పై ఉత్తరం అందనట్టే భావించగలవు.