కడుపులో బిడ్డకు కల్లు చలవ కాదు

గుంటూరులో మిర్చి తొడిమలు తీసే చోట అరగంట కూర్చుంటే చాలు. ముక్కుకు కొంగు చుట్టుకున్నా ఘాటు ఆగదు. సాయంత్రానికి వేళ్లు భగభగా మండుతుంటాయి. అలాంటి చోటే, నిండా ఇరవై ఏళ్లు లేని ఓ కడుపుతో ఉన్న అమ్మాయికి పక్కనున్న పెద్దావిడ చెబుతుంటే విన్నాను. "రాత్రికి కాస్త కల్లు తాగవే, చలవ చేస్తుంది. నేను నలుగుర్ని కన్నాను, ఏమైంది?" ఆవిడ ప్రేమతోనే చెప్పింది. కాదని చెప్పే మనిషే అక్కడ లేరు.

కల్లయినా సారా అయినా తల్లి తాగింది మాయ దాటి బిడ్డ రక్తంలోకి పోతుంది. దాన్ని అరిగించుకునే శక్తి ఆ పసి కాలేయానికి ఉండదు. దెబ్బ మెదడు మీద పడుతుంది. 1973లో అమెరికాలోని సియాటిల్ డాక్టర్లు దీనికి 'ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. ఇంత వరకు ఫర్వాలేదు అనే కొలత లేదు, ఫలానా నెలలో ఫర్వాలేదు అనేదీ లేదు. అలా దెబ్బ తిన్న బిడ్డ బడికెళ్తే లెక్కలు రావు, చెప్పింది గుర్తుండదు, ఊరికే కోపం. మనం మొద్దు అంటాం, మొండి అంటాం. జీవితాంతం పోని ఈ లోపాన్ని ఆ తొమ్మిది నెలల్లో పూర్తిగా ఆపొచ్చు.

"మన ఆడవాళ్లు తాగరు కదా" అంటారు. నిజమే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో తాగుతామని చెప్పిన ఆడవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. కానీ అత్త పక్కనే కూర్చుంటే ఏ కోడలు ఒప్పుకుంటుంది? అదే సర్వే ప్రకారం 20-24 ఏళ్ల ఆడపిల్లల్లో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పలేని వయసు అది.

సియాటిల్‌లోనే 1991లో ఒక కార్యక్రమం మొదలైంది. కడుపుతో ఉండగా బాగా తాగిన తల్లికి ఒక మనిషిని తోడు ఇస్తారు. ఆ మనిషి మూడేళ్ల పాటు ఇంటికి వస్తూ పోతూ ఉంటుంది. తిట్టదు, వదిలేయదు. మనకు అంతకన్నా మంచి పునాది ఉంది. విజయవాడ కృష్ణలంకలోనైనా, గుంటూరు శివార్లలోనైనా ఆశా కార్యకర్తకు ప్రతి గుమ్మం తెలుసు. అంగన్‌వాడీలో గుడ్డు, పాలు చేతికిస్తూ "ఏమైనా తాగుతున్నావా తల్లీ" అని మెల్లగా అడగడానికి కొత్త ఆఫీసు అక్కర్లేదు. మొగుణ్ణి కూడా పిలవాలి. ఇంట్లో రోజూ సీసా తెరుచుకుంటుంటే ఆమె ఒక్కతే ఎలా మానుతుంది?

అసలు డబ్బులు ఎవరివ్వాలి? రాజ్యాంగం 47వ అధికరణ ప్రజల పోషణనూ, మద్య నిషేధాన్నీ ఒకే చోట ప్రభుత్వం బాధ్యతగా రాసింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డ నేల ఇది. ఇక్కడే 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకే క్వార్టర్ దొరుకుతోంది. సీసా మీద ఆరోగ్యానికి హానికరం, తాగి బండి నడపొద్దు అని ఉంటుంది. గర్భిణి మాట ఉండదు. అమెరికాలో 1989 నుంచే రాస్తున్నారు. మన సీసాల మీదా తెలుగులో రాయించాలి. మద్యం ఆదాయంలో కొంత విడిగా తీసి ఆశా కార్యకర్తలకు ఈ పనికి జీతంగా ఇవ్వాలి.

శిక్షణ ఇచ్చేటప్పుడు మాత్రం ముందు ఆ పెద్దావిడనే కూర్చోబెట్టండి. ఆ షెడ్డులో అందరూ వినేది ఆవిడ మాటే.