నలభై కోట్ల ఆవు చుట్టూ అల్లిన కథ

వియాటినా-19 అనే తెల్లటి ఆవు ఫొటోతో ఒక సందేశం వాట్సాప్‌లో అలుపు లేకుండా తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: మన ఒంగోలు ఆవును బ్రెజిల్‌లో నలభై కోట్లకు కొన్నారు, దాని పాలతో ఆ దేశం సంపన్నమైంది, మన జాతిని దొంగిలించుకుపోయి స్వచ్ఛంగా కాపాడుకుంటున్నారు, అక్కడ సూదులు లేవు, మందులు లేవు, మందకొక ఆంబోతును వదిలితే మిగతాది ప్రకృతే చూసుకుంటుంది, వాళ్లు గోవును పూజిస్తున్నారు, మనం మరిచిపోయాం. ఆవు నిజమే, అందులో ఒంగోలు రక్తం ఉన్నదీ నిజమే. మిగతావాటిలో నిలబడేది తక్కువ.

ముందు ధర. 2023 వేలంలో అమ్ముడైంది ఆవు కాదు, ఆవులో మూడో వంతు వాటా. దానికి దాదాపు 70 లక్షల బ్రెజిల్ రియాళ్లు పలికింది. ఆ లెక్కన మొత్తం ఆవు విలువ 2.1 కోట్ల రియాళ్లని కట్టారు, గిన్నిస్‌ రికార్డుకు ఎక్కిందీ ఆ విలువే. అప్పటి మారకంలో 35 కోట్ల రూపాయలకు అటూ ఇటూ. నలభై అన్నంత మాత్రాన పేచీ పెట్టుకోను, సంతలో దళారులు అంతకన్నా ధారాళంగా కలుపుతారు. ఎందుకు కొన్నారన్నదే అసలు సంగతి. ఈ ఆవు బరువు సుమారు 1,100 కిలోలు, ఆ జాతి సగటు ఆవుకు రెట్టింపు. దాని అండాలను సేకరించి, ప్రయోగశాలలో పిండాలుగా మార్చి, మామూలు ఆవుల గర్భంలో పెడతారు. వియాటినా కూడా అలా పుట్టిందే. రిజిస్టరులో దాని పేరుకు జోడించిన ‘ఎఫ్‌ఐవి’ అనే గుర్తు చెప్పేది అదే.

పాల మాట ఇంకా విచిత్రం. బ్రెజిల్‌లో ఈ జాతిని నెలోరి అంటారు, అది మాంసం పశువు. ఆవు పాలు దూడ తాగడానికే. ఆ దేశపు పాడిలో పెద్ద వాటా గిరోలాండోది, అంటే గుజరాత్‌ గిర్‌కూ యూరప్‌ పాడి జాతి హోల్‌స్టీన్‌కూ పుట్టిన సంకరానిది. నెలోరి తెచ్చిన డబ్బు గొడ్డుమాంసం ఎగుమతిది, అందులో బ్రెజిల్‌ ప్రపంచంలో అగ్రస్థానంలో ఉంది. మనవాళ్ల సందేశంలో ‘మాంసం’ అన్న మాట ఒక్కసారి కూడా కనిపించకపోవడం పొరపాటున జరిగిందని నేను నమ్మను.

దొంగతనమూ కాదు. ఒక ఒంగోలు జత 1868లో బ్రెజిల్‌లో బాహియా రాష్ట్రపు సాల్వడార్ రేవులో ఓడ దిగి అక్కడే అమ్ముడుపోయింది. 1878లో రియో ప్రాంతపు రైతు లెమ్‌గ్రూబర్ మరో జతను జర్మనీలోని హాంబర్గ్ జంతు ప్రదర్శనశాల నుంచి కొన్నాడు. అన్నిటికన్నా ముఖ్యమైన దిగుమతులు 1960ల మొదట్లోవి. ఒంగోలు పక్కనున్న కరవది పేరు పెట్టుకున్న ‘కర్వాది’ అనే ఆంబోతు అప్పటిదే. నేటి నెలోరి వంశావళులు తిరగేస్తే ఆ పేరు పదే పదే ఎదురవుతుంది. ఇక స్వచ్ఛత సంగతి: వెళ్లిన ఆవులు కొన్నే కాబట్టి మన ఆంబోతులను అక్కడి యూరోపియన్‌ సంతతి ఆవులకు దాటించి, పుట్టిన పెయ్యలను మళ్లీ మన ఆంబోతులకే దాటిస్తూ తరాల తరబడి జాతిని కట్టారు. అందుకే తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే డీఎన్‌ఏను పరీక్షిస్తే అత్యధిక నెలోరిలలో యూరప్‌ ఆవుల గుర్తులు బయటపడ్డాయి. వాళ్లకు అది సిగ్గుచేటు కాదు, పశుపోషణలో అది మామూలు పద్ధతి.

‘మందకొక ఆంబోతు, మిగతాది ప్రకృతి’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మన రైతులు నమ్మి నష్టపోయేది దీన్నే. నెలోరి ఆవు చూలు దాదాపు 290 రోజులు మోస్తుంది. ఏడాదికొక దూడ కావాలంటే ఈనిన 75 రోజుల్లోపే మళ్లీ చూలు నిలవాలి. దూడ పొదుగును వదలకపోతే, మేత చాలకపోతే ఎద ఆలస్యమవుతుంది. వచ్చినా పది పన్నెండు గంటలే ఉంటుంది. చాలాసార్లు రాత్రి మొదలై తెల్లవారేలోపే ముగుస్తుంది. వేల ఎకరాల గడ్డి మైదానంలో వేల ఆవుల్లో దాన్ని ఏ పశులకాపరి కనిపెట్టగలడు? అందుకే మధ్య బ్రెజిల్‌లో వానలు పడి గడ్డి పెరిగే నవంబరు నుంచి జనవరి, ఫిబ్రవరి దాకా మాత్రమే దాటించే కాలంగా పెట్టుకుంటారు. ఎదకోసం ఎదురుచూడకుండా, హార్మోన్ పరికరం అమర్చి, ఇంజెక్షన్లు ఇచ్చి, ఒక గుంపు మొత్తానికి ఒకే రోజున వీర్యం ఎక్కిస్తారు. అక్కడ జరిగే కృత్రిమ గర్భధారణలో అత్యధిక భాగం ఈ పద్ధతిదే. సూదులు లేవట!

ఆ తర్వాత, చూలు నిలవనివాటి కోసం ఆంబోతులను వదులుతారు, పాతిక ముప్పై ఆవులకు ఒకటి చొప్పున. అదీ గుడ్డిగా కాదు. మందలో ఆంబోతుల మధ్య పెత్తనం ఉంటుంది. వయసులో పెద్దది, బలమైనది చిన్నవాటిని దగ్గరకు రానివ్వదు, ఎక్కువ దూడలకు తండ్రి అదే అవుతుంది. ఆ పెత్తందారు వీర్యంలో లోపం ఉందనుకోండి: అది తాను చూలు కట్టించలేదు, కట్టించగలదాన్ని కట్టించనివ్వదు. ఏడాది పంట అక్కడితో సరి. అందుకే మందలోకి వదిలే ముందు వృషణాల చుట్టుకొలత చూస్తారు, వీర్యం పరీక్షిస్తారు, ఒకే ఈడువాటిని ముందునుంచీ కలిపి ఉంచుతారు. మన ఊళ్లో అచ్చు వేసి వదిలిన ఆంబోతుకు ఈ పరీక్ష ఎవరైనా చేయించారా అని అడిగితే నవ్వుతారు.

మంద తనను తాను చూసుకుంటుందన్నదాంట్లో సగం నిజముంది. నెలోరి తల్లి ఈనడానికి మందకు దూరంగా వెళ్తుంది, దూడను గడ్డిలో దాస్తుంది. అయితే ఆ దూడ బొడ్డుకు మందు రాయడానికి వెళ్లిన మనిషి మీదికి అదే తల్లి కొమ్ములు విసురుతుంది. మందులు లేకపోతే ఆ బొడ్డులో పురుగులు పడతాయి.

పూజ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. దాటించే కాలం ముగిశాక ప్రతి ఆవుకూ చూలు పరీక్ష చేస్తారు. నిలవనివాటిని చాలా ఫారాల్లో ఏరి కబేళాకు పంపుతారు. నెలోరికి ఉన్న సంతానశక్తిని తెచ్చిపెట్టినవాటిలో ఆ కఠినమైన ఏరివేత ఒకటి. హారతి పట్టి సాధించింది కాదు.

ఇన్నిటి చివర సందేశం ఇచ్చే సలహా, ‘బ్రెజిల్ నుంచి వీర్యం తెప్పించి మన జాతిని నిలబెడదాం’. వాళ్లు తరాల తరబడి ఎంచుకున్నది కండ కోసం. మనకు ఒంగోలు గిత్త కావలసింది బరువు లాగడానికి, దున్నడానికి. ఆ పని ట్రాక్టరు తీసుకుంది, గిత్తలు తగ్గిపోయాయి. విత్తనం కావాలంటే గుంటూరు దగ్గర లాంలో, ప్రకాశం జిల్లా చదలవాడలో మన ఫారాలే ఉన్నాయి. రైతుకు కరువైంది విత్తనం కాదు, కొనేవాడు. పుట్టిన కోడెదూడను మూడేళ్లు మేపాక ఎవరు కొంటారో, ఎంతకు కొంటారో ఆ సందేశం రాసినాయన చెబితే మిగతా మాటలు అప్పుడు మాట్లాడుకోవచ్చు.