టవర్ పెట్టేముందు మమ్మల్ని అడిగిందెవరు?

మా వెనక వీధిలో ఒక రెండంతస్తుల మేడ ఉంది. ఒక ఆదివారం పొద్దున్నే దాని ముందు క్రేన్ ఆగితే సోలార్ పలకలేమో అనుకున్నాం. మధ్యాహ్నానికి ఇనప గొట్టాలు ఎక్కాయి, సాయంత్రానికి పొడుగాటి తెల్ల డబ్బాలు ఎక్కాయి, అప్పుడర్థమైంది సెల్ టవర్ అని. ఆదివారమే ఎందుకు పెట్టారో చెప్పక్కర్లేదు. ఆ రోజు ఏ ఆఫీసుకెళ్లినా తాళమే కదా.

ఆ రాత్రి కాలనీ వాట్సాప్ గ్రూపు చూడాలి. టవర్లతో పిచ్చుకలు చచ్చిపోతున్నాయని ఒకరు ఫోటో పెట్టారు, ఇంకొకరు ఎప్పటిదో ఎక్కడిదో తెలియని క్యాన్సర్ వీడియో పెట్టారు, పక్కింటి పిన్నిగారైతే నేరుగా ఇంటికే వచ్చి "బాబూ, మా మనవరాలి గది కిటికీకి ఎదురుగానే ఉందిరా, దానికేమన్నా అవుతుందంటావా" అని అడిగారు. నిజం చెప్పాలంటే రెండు నెలల క్రితం ఇదే గ్రూపులో ఇదే జనం (నాతో సహా) వంటింట్లో సిగ్నల్ రావట్లేదు, ఓటీపీ కోసం మేడెక్కాల్సి వస్తోందని కంపెనీలని తిట్టుకున్నాం. ఆ మాట గుర్తు చేస్తే ఎవరికీ నచ్చలేదు.

మర్నాడు వార్డు సచివాలయానికి వెళ్లాను. "ఇది మా చేతుల్లో లేదండీ, సెంట్రల్ వాళ్ల రూల్" అన్నారు. మున్సిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కి పొమ్మన్నారు, అక్కడా అదే మాట. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాను. పది రోజులకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఏం పరిష్కరించారో తెలీదు, టవర్ మాత్రం అలాగే ఉంది.

తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, ఆ సచివాలయం అమ్మాయి అబద్ధం చెప్పలేదు. 2016 నవంబర్‌లో కేంద్రం రైట్ ఆఫ్ వే రూల్స్ (టవర్లు, కేబుళ్లు వేసుకోడానికి స్థలం, దారి ఇచ్చే నిబంధనలు) తెచ్చింది, స్థానిక సంస్థ అరవై రోజుల్లో ఏదో ఒకటి తేల్చకపోతే అనుమతి ఇచ్చేసినట్టే లెక్క అని అందులో రాశారు. 2022 ఆగస్టులో వాటిని సవరించి ఇంకో మెట్టు ముందుకెళ్లారు: ప్రైవేటు స్థలంలో, ప్రైవేటు బిల్డింగ్ మీద పెట్టుకుంటే అసలు అనుమతే అక్కర్లేదు. పని మొదలుపెట్టే ముందు ఒక సమాచార పత్రం, దానితో పాటు బిల్డింగ్ ఈ బరువు మోస్తుందని స్ట్రక్చరల్ ఇంజనీర్ సర్టిఫికెట్ ఇస్తే చాలు. ఆ తర్వాత 2023 టెలికాం చట్టం, దాని కింద 2025 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త రూల్స్, ఇవన్నీ కూడా టవర్లు తొందరగా లేవాలన్న దారిలోనే ఉన్నాయి. అంటే నేను నా ప్రహరీ గోడ పక్కన ఒక గది వేసుకోవాలంటే ప్లాన్ కావాలి, సెట్‌బ్యాక్ కావాలి, టౌన్ ప్లానింగ్ వాళ్లు టేపు పట్టుకుని వస్తారు. నాలుగు ఇళ్ల మధ్య మేడ మీద టవర్ లేస్తే మాత్రం ఒక కాగితం పడేస్తే సరిపోతుంది, ఆ కాగితం మాకెవరికీ చూపించరు.

పన్ను సంగతి ఇంకా తమాషా. 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, అహ్మదాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో, సెల్ టవర్ మీద ఆస్తి పన్ను వేసే అధికారం స్థానిక సంస్థలకి ఉందని చెప్పింది. పన్నైనా వస్తుందిలే అనుకుంటే 2023 చట్టంలో ఆస్తి పన్ను విషయానికొచ్చేసరికి టెలికాం నెట్‌వర్క్‌ని ఆ ఆస్తిలో భాగంగా చూడకూడదని రాసుకున్నారు. అంటే ఎక్కడ పెట్టాలో చెప్పే మాట ఎప్పుడో పోయింది, పన్ను వేసే చెయ్యి కూడా కట్టేస్తున్నారు. ఇంక మేము కౌన్సిలర్‌ని ఎన్నుకున్నది కాలవలో పూడిక తీయించడానికేనా?

ఇప్పుడు రేడియేషన్ గురించి. ఇక్కడ నా కాలనీ వాళ్లకి కోపం వచ్చినా చెప్పేస్తాను. టవర్ వల్ల క్యాన్సర్ వస్తుందని నేను నమ్మను. 2011లో డబ్ల్యూహెచ్‌ఓ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలని "రావచ్చేమో" అన్న గుంపులో, 2బీలో, పెట్టిన మాట నిజమే. ఆ గుంపులోనే కలబంద ఆకు సారం ఉంది, ఆసియా దేశాల్లో సంప్రదాయంగా ఊరబెట్టే కూరగాయలు కూడా ఉన్నాయి (మన ఆవకాయ కాదులెండి, జాడీలు పారబోయకండి). 2024లో అదే డబ్ల్యూహెచ్‌ఓ చేయించిన పెద్ద సమీక్షలో అరవైకి పైగా పరిశోధనలు ముందేసుకుని చూస్తే ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనిపించలేదు. పైగా మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి టవర్ల పరిమితిని అంతర్జాతీయంగా చెప్పిన దాంట్లో పదో వంతుకి తగ్గించారు. ఇంకో మాట, సిగ్నల్ సరిగ్గా లేని చోట మన చేతిలో ఫోనే ఎక్కువ శక్తితో అరవాల్సి వస్తుంది, ఆ ఫోన్ ఉండేది చెవికి ఆనుకుని. టవర్ దూరంగా ఉండాలి, సిగ్నల్ మాత్రం నిండా ఉండాలి అంటే ఎలా కుదురుతుంది?

కోర్టులు కూడా ఒక్క మాట మీద లేవు, అందుకే జనం ఎవరికి కావల్సిన తీర్పు వాళ్లు ఫార్వర్డ్ చేసుకుంటున్నారు. 2012లో రాజస్థాన్ హైకోర్టు స్కూళ్లు, ఆసుపత్రుల దగ్గర టవర్లు తీసేయమంది. 2017లో గ్వాలియర్‌లో ఇళ్లలో పనిచేసుకునే ఒక క్యాన్సర్ రోగి వేసిన అర్జీ మీద సుప్రీంకోర్టు ఒక టవర్‌ని ఆపించింది. ఇంకో పక్క 2021లో 5జీ వద్దని నటి జూహీ చావ్లా ఢిల్లీ హైకోర్టుకెళ్తే ఇరవై లక్షల జరిమానా పడింది, మరుసటి ఏడాది దాన్ని రెండు లక్షలకి తగ్గించారు.

మరి క్యాన్సర్ రాదని నమ్మేవాడివి నీకెందుకయ్యా ఈ గొడవ అంటారా? మేడ మీద జనరేటర్ పెట్టారు. కరెంటు పోతే చాలు, రాత్రి రెండింటికైనా మొదలవుతుంది, కిటికీలు వణుకుతాయి, డీజిల్ పొగ సరాసరి మా పడగ్గదిలోకి. ఆ మేడ పాతికేళ్ల క్రితం కట్టింది, పై అంతస్తు తర్వాత వేసింది. దాని స్తంభాల్లో ఎన్ని కడ్డీలున్నాయో కట్టిన మేస్త్రికే తెలియాలి, ఆయన పోయి చాలా కాలమైంది. మరి తుఫాను గాలి కొడితే? మాది కోస్తా, ఏటా ఒకటన్నా వస్తుంది. ఇంటాయన్ని, నేను చిన్నప్పటి నుంచి బాబాయ్ అని పిలిచే మనిషిని, ఆ ఇంజనీర్ సర్టిఫికెట్ ఒకసారి చూపించండి బాబాయ్ అన్నాను. "నా మేడ, నెలనెలా అద్దె వస్తుంది, నీకొచ్చిన ఇబ్బందేంట్రా" అన్నారు. అద్దె ఆయనకి, చప్పుడు మాకు. ఆయన్నీ పూర్తిగా తప్పు పట్టలేను, పెన్షన్ లేని మనిషి. (మీ మేడ మీద టవర్ పెడతాం ముందు ఇంత కట్టండి అని ఫోన్లు చేసేవాళ్లు మాత్రం దొంగలు, ఈ సందట్లో వాళ్లకి డబ్బులు పంపకండి.)

ఇవన్నీ చెప్పుకుందామంటే వినే చోటు లేదు. అందుకే అందరూ క్యాన్సర్ అనే పట్టుకుంటారు. జనరేటర్ చప్పుడంటే సర్దుకోమంటారు, పిల్లలకి క్యాన్సర్ అంటేనే విలేకరి వస్తాడు, కౌన్సిలర్ వస్తాడు.

మా వదిన వాళ్లు టెక్సాస్‌లో ఉంటారు. అక్కడ తిరగేసి ఉందట. 1996లో వాళ్లు చేసుకున్న టెలికాం చట్టం ప్రకారం, టవర్ ఎఫ్‌సీసీ (అక్కడి కేంద్ర టెలికాం నియంత్రణ సంస్థ) పెట్టిన రేడియేషన్ పరిమితుల్లో ఉంటే చాలు, రేడియేషన్ కారణం చూపించి ఏ సిటీ కౌన్సిలూ దాన్ని ఆపకూడదు. కానీ ఎక్కడ పెట్టాలి, ఎంత ఎత్తు, ఎలా కనపడాలి అన్నది కౌన్సిల్ చూసుకోవచ్చు. వాళ్ల వీధి దగ్గర పెట్టేముందు పోస్టులో నోటీసు వచ్చింది, మీటింగ్ పెట్టారు, మా వదిన వెళ్లి మాట్లాడి వచ్చింది కూడా. చివరికి టవర్ వచ్చింది, పైన్ చెట్టు ఆకారంలో. దూరం నుంచి చూస్తే ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టులా ఉందని నవ్వుతుంది. అక్కడ ఆరోగ్యం తప్ప అన్నీ మాట్లాడొచ్చు. మనకి ఆరోగ్యం తప్ప ఇంకేదన్నా మాట్లాడితే ఎవరూ పట్టించుకోరు.

రేడియేషన్ లెక్క వార్డు స్థాయిలో తేల్చమని నేను అనను, దానికి మీటర్లు, తెలిసినవాళ్లు కావాలి, అది కేంద్రం దగ్గరే ఉండనివ్వండి. కానీ బిల్డింగ్ బలం, జనరేటర్, వీధి వెడల్పు, ముందు నోటీసు, ఇవి మున్సిపాలిటీవి, పంచాయతీవి కావా? తరంగ్ సంచార్ అని కేంద్రం 2017లో ఒక పోర్టల్ పెట్టింది. మన చుట్టూ ఉన్న టవర్లు అందులో చూసుకోవచ్చు, నాలుగు వేలు కడితే వచ్చి కొలిచి కాగితం ఇస్తారు. మంచిదే. కానీ ఆ నాలుగు వేలు పిన్నిగారు ఎందుకు కట్టాలి? టవర్ పెట్టినవాడు కట్టి, కొలిపించి, ఆ అంకెని గేటు మీద అతికించాలి కదా.

ఈసారి అర్జీ మార్చి రాశాను. క్యాన్సర్ అన్న మాట ఎక్కడా లేదు. పది రూపాయలు కట్టి ఆర్‌టీఐ కింద ఆ సమాచార పత్రం, ఇంజనీర్ సర్టిఫికెట్ నకళ్లు అడిగాను, ముప్పై రోజుల గడువు నడుస్తోంది. పిన్నిగారి కోసం నాలుగు వేలూ కాలనీలో తలా కాస్త వేసుకుంటున్నాం, ఇప్పటికి రెండు వేల ఆరు వందలైంది. మీ ఊళ్లో ఎవరైనా ఇలా కొలిపించుకుని ఉంటే ఎన్ని రోజులకి వచ్చారో, జనరేటర్‌కి సైలెన్సర్ పెట్టించగలిగినవాళ్లుంటే ఎవరికి రాస్తే పనైందో కింద రాయండి. పిచ్చుకల ఫోటోలు మాత్రం వద్దు.