ఇంటర్ దాటితే ఆకలి వేయదా?

తిరుపతిలో అన్నానికి కొదవ అంటే వినేవారు నవ్వుతారు. కొండ మీద 1985 ఏప్రిల్‌లో మొదలైన నిత్యాన్నదానం నేటికీ సాగుతూనే ఉంది. కొండ దిగువన, నలుగురు కుర్రాళ్లు కలిసి అద్దెకున్న గదిలోకి రాత్రి ఎనిమిదింటికి తొంగిచూస్తే వేరే సంగతి. కుక్కరులో అన్నం, కర్రీ పాయింటులో కొన్న ఒక్క సాంబారు పొట్లం, అమ్మ కట్టి పంపిన వేరుశనగ పొడి. నెలాఖరుకు పొట్లం కూడా ఉండదు, పొడి ఒక్కటే. ఉదయం టిఫిను మానేస్తే దాన్ని ఆకలి అనరు, ‘లేచేసరికి ఆలస్యమైంది’ అంటారు.

1954లో వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో మహిళా విశ్వవిద్యాలయం వచ్చాక ఈ ఊరు చదువులకు పెట్టింది పేరైంది. కుప్పం నుంచి, పలమనేరు నుంచి, సత్యవేడు నుంచి ఇంట్లో తొలిసారి డిగ్రీ గడప తొక్కే పిల్లలు ఇక్కడికే వస్తారు. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి కుదేలైన ఇళ్ల పిల్లలూ వారిలో ఉన్నారు.

బడిలో మధ్యాహ్న భోజనం ఉంది. 2025 జనవరి నుంచి డొక్కా సీతమ్మ పేరిట ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లోనూ పెడుతున్నారు. మంచి పని. మరి ఇంటర్ అయ్యేదాకా కళాశాలలో తిన్న విద్యార్థికి డిగ్రీలో చేరగానే ఆ కంచం ఎందుకు తీసేయాలి?

హాస్టళ్లలోని డివైడింగ్ మెస్‌లో నెల ఖర్చును తిన్నవారందరికీ పంచుతారు. నూనె ధర పెరిగినా, పప్పు ధర పెరిగినా అది నేరుగా విద్యార్థి బిల్లులోకే ఎక్కుతుంది. ఆ బిల్లు నెలనెలా తప్పదు. ఉపకార వేతనం మాత్రం ఖజానాకు వీలైనప్పుడు వస్తుంది. 2020లో తెచ్చిన వసతి దీవెన కింద డిగ్రీ, ఆపై చదువులకు ప్రకటించింది ఏడాదికి 20,000 రూపాయలు, అదీ రెండు విడతల్లో. పది నెలలకు పంచి చూడండి, రోజుకు సుమారు 67 రూపాయలు. అందులోనే బస, అందులోనే మూడు పూటలు! ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, బకాయిల మాట మాత్రం మారలేదు.

2018లో మొదలై మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచిన అన్న క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలు. గుర్తింపు కార్డు జేబులో దాచుకుని అక్కడ వరుసలో నిలబడే విద్యార్థులకు ఆ మొహమాటం ఎందుకు? అలాంటి క్యాంటీను ఒకటి విశ్వవిద్యాలయాల గేటు పక్కనే పెడితే సరిపోతుంది. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలకు మధ్యాహ్న భోజనం ఇవ్వాలి. తిరుమల తిరుపతి దేవస్థానానికి కళాశాలలూ ఉన్నాయి, వేలమందికి వండి వడ్డించే నేర్పూ ఉంది. ఆ రెండింటినీ కలిపి ఆలోచించమని అడగడం అత్యాశ కాదనుకుంటాం.

వీటికి నిధులు కావాలి, సమయం పడుతుంది. మెస్ బాకీ ఉందని హాల్ టికెట్ ఆపే ఆచారాన్ని మానడానికి నిధులు అక్కర్లేదు. బాకీదారుల పేర్లు నోటీసు బోర్డుకు అంటించిన చోట ఆ కాగితం పీకేయడానికి జీవో కూడా అక్కర్లేదు, ఒక అటెండరు చాలు.