లాక్టోజ్ పర్మియేజ్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ లాక్టోజ్ పర్మియేజ్ గారి దివ్యసముఖమునకు,

బ్యాక్టీరియా కణపు పొరలో కొలువుండి, పాలచక్కెర అయిన లాక్టోజ్‌ను లోపలికి మోసే ప్రోటీన్ తమరు; ఈ మధ్యాహ్నమూ తమ దర్శనభాగ్యం కలగలేదు. ఇ.కోలై బ్యాక్టీరియా పొరలోంచి మిమ్మల్ని, ఆ పొరను కరిగించే, బంగారం ధర పలికే డిటర్జెంట్‌తో సగౌరవంగా వెలికితీసి, చల్లగదిలో వణుకుతూ శుద్ధిచేసే కాలమ్ దాటించి, గాఢత పెంచుదామని సెంట్రిఫ్యూజ్‌లో కూర్చోబెడితే, తమరు ట్యూబు అడుగున తెల్లటి ముద్దై పడి ఉన్నారు.

మీ పనితనం మీద నాకు ఫిర్యాదు లేదు. శ్వాసక్రియలో బ్యాక్టీరియా బయటికి నెట్టిన ప్రోటాన్లు (హైడ్రోజన్ అయాన్లు) మళ్లీ లోపలికి రావడానికి తహతహలాడుతుంటే, ఒక్కో ప్రోటాన్‌కు ఒక్కో లాక్టోజ్‌ను జతచేసి, లోపల బయటికంటే ఎక్కువ పేరుకుపోయి ఉన్నా సరే ఎదురెక్కిస్తారు. కణానికి ఇంధనమైన ఏటీపీని నేరుగా ఒక్కటైనా ఖర్చు పెట్టరు. జీవరసాయన శాస్త్రవేత్త పీటర్ మిచెల్ 1963లో ప్రతిపాదించిన ఈ జంట ప్రయాణం 1970లో ప్రయోగంలో రుజువైంది: కణాలకు లాక్టోజ్ అందించగానే ప్రోటాన్లు దానితోపాటే లోపలికి వెళ్లి, బయటి ద్రావణం పీహెచ్ పెరిగింది, అంటే దాని ఆమ్లత తగ్గింది. ప్రోటాన్ ఎక్కనిదే చక్కెరను ముట్టుకోరు, చక్కెర దిగనిదే ప్రోటాన్‌ను వదలరు. టికెట్టు దగ్గర ఇంత పట్టుదల ఏ కండక్టరులోనూ చూడలేదు.

నా బాధంతా తమ రూపం గురించే. మీలోని 417 అమైనో ఆమ్లాలను జీవరసాయన శాస్త్రవేత్త రొనాల్డ్ కాబాక్ బృందం దాదాపు అన్నింటినీ ఒక్కొక్కటిగా మార్చి చూస్తే, 325వ స్థానంలోని గ్లూటమేట్ వంటివి కొన్నే తప్ప, పనికి తప్పనిసరి అయినవి పట్టుమని పది తేలలేదు. అన్ని మార్పులనూ కిమ్మనకుండా భరించిన మీరు, ఎక్స్-కిరణాలతో మీ రూపం చూడడానికి స్ఫటికంలో కాసేపు నిలబడమంటే మాత్రం ససేమిరా అన్నారు. ఆరేసి సర్పిలాల (స్ప్రింగులా మెలితిరిగిన ముక్కల) రెండు కట్టలుగా, ఒకసారి బయటికీ ఒకసారి లోపలికీ నోరు తెరుస్తూ ఊగిసలాడడమే మీ బతుకట. చివరికి 154వ స్థానంలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం తీసి గ్లైసిన్ అనేది పెట్టి, చక్కెరను పట్టుకోవడమే తప్ప దాదాపుగా మోయలేని రూపాన్ని తయారుచేస్తే, అది 2003లో 3.5 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) స్పష్టతతో చిక్కింది. పని చేసినంతకాలం కనిపించరు, కనిపించాలంటే పని మానేయాలి! 2007లో సహజరూపమూ దొరికింది కదా అంటారేమో. ఆ చిత్రంలోనూ లోపలివైపే నోరు తెరిచి ఉన్నారు, ఊగే క్షణం మాత్రం దాచేసుకున్నారు.

అసలు నీకేం తక్కువ చేశానయ్యా? పొరలోంచి నీతోపాటు వచ్చిన కొవ్వు అణువులను పూర్తిగా కడిగేయకుండా నీకోసం జాగ్రత్తగా కొంత మిగిల్చాను, ఉప్పు మార్చాను, నీకు ఇష్టమైన చక్కెరను ముందే పోశాను, అయినా ముద్దకట్టావు. పొరలో ఉన్నప్పుడు నీ అంత నాణ్యమైన యంత్రం లేదని ఒప్పుకుంటాను, అందుకే ఒళ్లు మండుతోంది. సోమవారం ఇంక్యుబేటరులోకి వెళ్లేది 154లో గ్లైసిన్ ఉన్న నీ తమ్ముడే. వాడు మోయకపోతే మానె, కనీసం నిలబడతాడు.

ఇట్లు,
నీ డిటర్జెంట్ బిల్లుకు జవాబు చెప్పుకోవలసినవాడు